తువ్వాల కింద ముఖం

దామోదర్ రెడ్డి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అతన్ని అడిగితే అతను చెప్పడు. నోట్లో నాలుక లేని మనిషి. అతని బస్సులో పదకొండేళ్లు కండక్టర్‌గా చేశాను కాబట్టి, అతను చేసిన తప్పులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి నేనే రాస్తున్నాను. నా పేరు బిక్షపతి. పోయినేడు రిటైరయ్యాను. ఊసుపోక ఏదో గీకుతున్నాడని మా ఇంటావిడ అనుకుంటోంది. అనుకోనీ.

మాది మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే రూటు. పొద్దున ఒక రౌండు, మధ్యాహ్నం ఒక రౌండు. డ్రైవర్లలో నేను చూడని రకం లేదు. బస్సెక్కగానే ఒంటికాలి మీద లేచేవాళ్లు, దారి పొడుగునా ఫోన్లో పంచాయతీలు తెంపేవాళ్లు, ఎవరు చెయ్యెత్తినా ఆపనివాళ్లు. దామోదర్ అట్లా కాదు. తట్ట నెత్తిన పెట్టుకుని ముసలమ్మ పొలం గట్టు మీద నడిచొస్తోందంటే, ఆమె రోడ్డెక్కే దాకా బస్సు ఆపి కూర్చునేవాడు. వెనక నుంచి నేను అరిచేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ, అతనికి అసలు లేదు. అందుకే పదకొండేళ్లు కలిసి నడిచాం.

అతని మెడలో ఎప్పుడూ ఒక తువ్వాల ఉండేది. తెల్లటి నూలుది, ఎర్రంచు, ఉతికి ఉతికి పల్చబడిపోయింది. దాంతోనే చెమట తుడుచుకునేవాడు, స్టీరింగ్ తుడిచేవాడు, సద్దిగిన్నె మూట కట్టుకునేవాడు. కొత్తది కొనుక్కోరాదా తమ్మీ అంటే, "గిది మెత్తగుంటదన్నా" అనేవాడు. అతని భార్య శ్రావణి రోజూ సాయంత్రం దాన్ని ఉతికి దండెం మీద ఆరేసేది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, మనస్విని. బడికి సెలవులొస్తే ఆ పిల్ల బస్సులోనే ఉండేది. డ్రైవర్ పక్కన ఇంజను మీద బానెట్ ఉంటుంది కదా, దాని మీద దుప్పటి మడత పెట్టి కూర్చోబెట్టేవాడు. అది తప్పు. బస్సు నడిపేటప్పుడు సొంత పిల్లల్ని పక్కన పెట్టుకుంటే పైవాళ్లు ఊరుకోరు. నాకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా ఆ పిల్ల కిలోమీటరు రాళ్లు గట్టిగా చదువుతూ ఉంటే బస్సంతా నవ్వుకునేది. "కోదాడ పద్నాలుగు!" అని అది అరిస్తే, వెనక నుంచి ఎవరో ఒకరు "ఇంక పద్నాలుగేనా బిడ్డా" అని అడిగేవాళ్లు. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

నాలుగేళ్ల కింద దసరా సెలవులు. మనస్వినికి ఎనిమిదేళ్లు. కోదాడలో మేనత్త ఇంటికి పొద్దున ట్రిప్పులోనే దించాల్సిన పిల్ల, ఇంకో రౌండు తిరుగుతానని మారాం చేసి మాతోనే ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది. చిలుకూరు దాటి కొంత దూరం పోయాం. పొలం బాట నుంచి పచ్చగడ్డి మోపుతో ఒక టీవీఎస్ బండి ఒక్కసారిగా రోడ్డెక్కింది. దామోదర్ బ్రేకు తొక్కాడు, స్టీరింగ్ పక్కకు కోశాడు. బస్సు ఆగింది. కానీ అప్పటికే అయిపోయింది.

నేను వెనక డోరు దగ్గర టికెట్లు కొడుతున్నాను. కిందపడి లేచి ముందుకు పరిగెత్తే సరికి, అద్దం అవతల రోడ్డంతా పచ్చగడ్డి, గడ్డి మధ్యలో మనిషి. ఆయన ప్రాణం ఇంకా పోలేదు. నేను అటు సరిగ్గా చూడలేదు, చూసే ధైర్యం లేదు. మనస్విని మాత్రం బానెట్ మీద మోకాళ్ల మీద లేచి, అద్దానికి రెండు చేతులూ ఆనించి చూస్తోంది. దామోదర్ మెడలోంచి తువ్వాల లాగి దాని ముఖం మీద కప్పాడు. తల చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"సూడకు బిడ్డా. సూడకు. అన్నా, నువ్వు దీన్ని తీస్కపో."

వెనక డోరులోంచి పిల్లను ఎత్తుకుని దిగాను. కోదాడ వైపు పోయే ఆటో ఒకటి ఆగింది, అందులో ఎక్కించుకున్నాను. అప్పుడు నా బుర్ర చాలా చురుకుగా పనిచేసింది. ఆ చురుకుదనం తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. తువ్వాల ఇంకా దాని ముఖం మీదే ఉంది. నేను వంగి, చెవి దగ్గర చెప్పాను.

"బిడ్డా, నువ్వు బస్సుల లేవు. పొద్దుగాలనే అత్తమ్మ ఇంట్ల దిగినవ్. ఎవ్వలడిగినా గదే చెప్పాలె. అమ్మడిగినా గదే. లేకుంటే డాడీ నౌకరి పోతది, జైలుల పెడ్తరు. సమజైందా?"

తువ్వాల కింద నుంచి "ఊ" అని వినపడింది.

మేనత్తకు కూడా అదే చెప్పి, పిల్లను అప్పగించి, అదే ఆటోలో తిరిగొచ్చాను. ఆ మనిషి అప్పటికే పోయాడు. పోలీసులొచ్చారు, ఎంక్వయిరీ జరిగింది. బండి అడ్డం వచ్చిందని ప్యాసింజర్లందరూ చెప్పారు, అది నిజం కూడా. బానెట్ మీద పిల్ల ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ గడబిడలో ఎవరికీ గుర్తు కూడా లేదు. నాలుగు వారాల్లో దామోదర్ మళ్లీ డ్యూటీ ఎక్కాడు. ఆ చోటు రాగానే బస్సు నెమ్మది చేసేవాడు. మేం దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గండం గడిచిందనుకున్నాం.

అతను డ్యూటీ ఎక్కకముందే, దసరా సెలవులైపోయి బడి తెరిచిన రెండో వారంలో, ప్రార్థన లైన్లో నిలబడ్డ మనస్విని కిందపడి కొట్టుకుంది. అదే మొదటిసారి. రెండోసారి ఇంట్లో వచ్చింది. దామోదర్ తల్లి అనసూయమ్మ తాళం చెవుల గుత్తి తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది. చుట్టుపక్కల వాళ్లు వాకిట్లో గుమిగూడారు. ఆడపిల్లను అట్లా నలుగురూ చూడటం దామోదర్ తట్టుకోలేకపోయాడు. మెడలో తువ్వాల తీసి బిడ్డ ముఖం మీద కప్పాడు. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. ఎక్కడ పడినా ఒకరు తాళాలు పెట్టడం, ఒకరు కాళ్లు పట్టుకోవడం, దామోదర్ తువ్వాల కప్పడం.

అది పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు ఉండేది. కాసేపు ఆగి మళ్లీ మొదలయ్యేది. తల అటూ ఇటూ తిప్పేది. ఎడమ చెయ్యి బిగుసుకుని ఉండేది, కుడి చెయ్యి మాత్రం నేలకేసి టపటపా కొట్టుకునేది. తగ్గిన తర్వాత తువ్వాల తీస్తే తడి తడిగా ఉండేది.

మిర్యాలగూడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన పేరు రాయను. ఆయనకు ఓపిక తక్కువే, కానీ మేం చెప్పిందే కదా ఆయన రాసుకున్నాడు. "నోట్లోంచి నురగ వస్తుందా?" అని అడిగాడు. "తువ్వాల తడిసిపోతుంది సార్" అంది శ్రావణి. నురగ వస్తుంది అని ఆయన రాసుకున్నాడు. స్కానింగులో ఏమీ లేదు. తలకు వైర్లు పెట్టి అరగంట ఈఈజీ తీశారు, అందులోనూ ఏమీ లేదు. మూర్ఛ ఉన్నా కొందరికి అందులో కనపడదన్నాడు. అదీ నిజమేనని తర్వాత తెలిసింది. మాత్రలు మొదలుపెట్టారు. తగ్గకపోతే డోసు పెంచారు. అప్పటికీ తగ్గకపోతే రెండో రకం కలిపారు.

ఆ మాత్రలతో పిల్ల బొద్దుగా ఉబ్బింది. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. క్లాసులో తల బెంచీ మీద పెట్టి నిద్రపోయేది. కిలోమీటరు రాళ్లు బస్సు దద్దరిల్లేలా చదివిన పిల్ల, పుస్తకంలో ఒక పేరా చదవమంటే మధ్యలో ఎక్కడుందో మర్చిపోయేది. మా బస్సెక్కడం పూర్తిగా మానేసింది. ఆరోగ్యం బాగాలేక రావట్లేదనుకున్నాను. అంతకన్నా లోతుగా ఆలోచించే శ్రమ తీసుకోలేదు.

బడిలో రెండు పార్టీలయ్యాయి. ఇది జబ్బు, మా మీదకొస్తది, పిల్లను తీసుకుపొండి అని కొందరు. ఇదంతా నాటకం, హోంవర్క్ చేయకపోతే పడిపోతుంది అని ఇంకొందరు. ఒకసారి ఆటల సారు, పిల్ల కొట్టుకుంటుండగా చేతి మీద గట్టిగా గిల్లి చూశాడు. నల్లగా కమిలింది. దామోదర్ ఆ కమిలిన చోటు చూసి బడికి పోయి, ఆ సారు కాలర్ పట్టుకున్నాడు. అతన్ని అట్లా నేను ఆ ఒక్కసారే చూశాను.

"నా బిడ్డ నాటకాలాడ్తదా? మూర్చ వచ్చిన పిల్లను గిల్లుతవా?"

నేనే విడదీసి బయటికి తెచ్చాను. బిడ్డ నాటకం ఆడట్లేదని అతనికి తెలుసు, ఆ మాట నిజం. నాటకం కాకపోతే మూర్ఛే అయి ఉండాలనుకున్నాడు. మా అందరికీ ఆ రెండే తెలుసు.

అట్లా మూడేళ్లు గడిచాయి. పోయినేడు నా రిటైర్మెంటయిన నెలకు దామోదర్ ఇంటికొచ్చాడు. మిర్యాలగూడ డాక్టరు మూడో రకం మాత్ర రాశాడట. బడివాళ్లు ఇంకోసారి పడితే టీసీ చేతిలో పెడతామన్నారట. సూర్యాపేటకు వారానికి ఒకరోజు పిల్లల నరాల డాక్టరమ్మ వస్తోందని ఎవరో చెప్పారు.

"నువ్వు గూడ రా అన్నా. నాకు మాటలు సక్కగ రావు. మూడో గోలీ గూడ వేస్తే బిడ్డ ఇగ లేవనే లేవదు."

నలుగురం పోయాం. డాక్టరమ్మ పేరు కళ్యాణి. నలభై ఏళ్లుంటాయి. పాత కాగితాలన్నీ పక్కన పెట్టి, ముందు మనస్వినితో మాట్లాడింది. ఏ క్లాసు, ఏం ఇష్టం, ఎవరితో ఆడుకుంటావు. పిల్ల ఒక్కో ముక్కే జవాబు చెప్పింది. తర్వాత మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. నాలుక కరుచుకుంటుందా? లేదు. బట్టల్లో మూత్రం పోతుందా? లేదు. నిద్రలో ఎప్పుడైనా వచ్చిందా? రాలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు? రాలేదు.

"కళ్లు తెరిచి ఉంటాయా, మూసుకుని ఉంటాయా?"

శ్రావణి దామోదర్ వైపు చూసింది. దామోదర్ నా వైపు చూశాడు. మూడేళ్లలో నలభైసార్లకు పైగా వచ్చి ఉంటుంది. అందులో ఎనిమిదో పదో నా కళ్ల ముందే వచ్చాయి.

"తెల్వదు మేడం," అన్నాడు దామోదర్. "ముఖం మీద తువ్వాల కప్పుతం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కోపం చేయలేదు. మూర్ఛ వచ్చినప్పుడు మామూలుగా కళ్లు తెరుచుకుని ఉంటాయనీ, ఒక పక్కకో పైకో తిరిగి ఉంటాయనీ చెప్పింది. చూడటానికి మూర్ఛలాగే ఉండి మూర్ఛ కానివి కొన్ని ఉంటాయి, వాటిల్లో కళ్లు ఎక్కువగా గట్టిగా మూసుకుని ఉంటాయి. ఆ ఒక్క గుర్తుతో తేల్చలేం గానీ, అది తెలియకుండా మాత్రలు పెంచడం నాకు ఇష్టం లేదు అంది. తర్వాత అడిగింది.

"మొదటిసారి రాకముందు ఏమైనా జరిగిందా? భయపడటం, దెబ్బలు తినడం, ఇంట్లో ఎవరైనా పోవడం, ఏదైనా ఘోరం చూడటం?"

"ఏం లేదు మేడం," అన్నాడు దామోదర్.

ఆమె నా వైపు తిరిగింది. నేనూ అదే అన్నాను. "ఏం లేదమ్మా."

మూడేళ్లుగా అప్పజెప్పిన పాఠం. నాలుక మీదే ఉంది, ఆలోచించకుండానే వచ్చేసింది. మనస్విని తలెత్తి ముందు వాళ్ల నాన్నను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నేను బతికున్నన్నాళ్లు మర్చిపోను. తర్వాత తల వంచుకుని గౌను అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఈసారి వస్తే ముఖం కప్పకండి," అంది డాక్టరమ్మ. "తాళాలు పెట్టకండి, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు ఫోన్లో వీడియో తీయండి. ముఖం కనపడేలా. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు."

మా బస్సుకు ఇంకా టైముంది. సూర్యాపేట బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా బస్సు ఒకటి రివర్స్ తీస్తోంది, కండక్టర్ విజిల్ వేస్తున్నాడు. శ్రావణి అరటిపండు ఒలిచి బిడ్డకు ఇస్తోంది. పిల్ల పండు అందుకోలేదు. బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగి కింద పడింది. తల తిప్పడం, కుడిచెయ్యి నేలకేసి కొట్టుకోవడం మొదలైంది.

చుట్టూ జనం మూగారు. తాళాలు, తాళాలు అని ఎవరో అరిచారు. దామోదర్ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. తువ్వాల సగం తీశాడు.

"కప్పకు తమ్మీ!" అని అరిచాను.

అతను ఆగిపోయాడు. తువ్వాల పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత దాన్ని మడిచి బిడ్డ తల కింద పెట్టాడు. నేను ఫోను తీసి వీడియో మొదలుపెట్టాను. తెర మీద పిల్ల ముఖం కనపడింది. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి, రెప్పలు ముడతలు పడేంత గట్టిగా. నోట్లో నురగ లేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు ధారగా కారి చెవుల్లోకి పోతున్నాయి. దామోదర్ మోకాళ్ల మీద కూర్చుని వంగి, నలభైసార్లలో మొదటిసారి, ఆ ముఖం చూశాడు.

"ఏడుస్తున్నదన్నా," అన్నాడు. "బిడ్డ ఏడుస్తున్నది."

శ్రావణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అందుకేనా," అంది, "తువ్వాల తడిసేది అందుకేనా." ఆమె పుట్టిల్లు కోదాడ, మాట ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. ఆ మెత్తటి మాటే నా ప్రాణం తీసింది.

పిల్ల తేరుకున్నాక అదే పూట మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె వీడియో రెండుసార్లు చూసింది. మనస్వినిని నర్సుతో పక్క గదికి పంపింది. ఆమె మాట మొదలుపెట్టకముందే దామోదర్ లేచి నిలబడ్డాడు.

"మేడం, ఇందాక అబద్ధం చెప్పిన."

అంతా చెప్పాడు. బానెట్, పచ్చగడ్డి, తువ్వాల. ఆటోలో నేను చెప్పిన మాటలు నేను చెప్పాను. శ్రావణి అవి వినడం అదే మొదటిసారి. బిడ్డ ఆ పొద్దున్నే మేనత్త ఇంట్లో దిగిందనే ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల కన్నతల్లికి కూడా చెప్పకుండా దాచిపెట్టింది, నేను చెప్పొద్దన్నానని. శ్రావణి భర్తను వదిలేసి నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, మీరు కూడానా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

ఇది మూర్ఛ కాదనే అనుకుంటున్నానని డాక్టరమ్మ చెప్పింది. కానీ తేల్చుకోవాలి, కొందరు పిల్లలకు రెండూ కలిసి ఉంటాయి. హైదరాబాదులో రెండు రోజులు తలకు వైర్లు పెట్టి, పక్కనే కెమెరా పెట్టి పరీక్ష చేస్తారు, కొట్టుకునేటప్పుడు మెదడులో ఏం జరుగుతోందో అందులో తెలుస్తుంది అంది.

"అంటే నాటకమా మేడం?" అని దామోదర్ అడిగాడు.

"కాదు. ఆ మాట ఇంట్లో ఎవర్నీ అననివ్వకండి. అది పిల్ల చేతిలో లేదు. తను కావాలని చేయట్లేదు, ఆపాలన్నా ఆపలేదు. నోటితో చెప్పుకోలేకపోయింది ఒంట్లోంచి వస్తోంది. మూర్ఛ ఎంత నిజమో ఇదీ అంతే నిజం. మందు మాత్రం ఆ మాత్రల్లో లేదు."

హైదరాబాదులో రెండో రోజు వచ్చింది. పిల్ల కొట్టుకుంటూ ఉంటే మెదడు గీతలు మాత్రం మామూలుగానే ఉన్నాయట. తర్వాత ఏడు నెలల పాటు మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించారు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని. సూర్యాపేటలో పిల్లలతో మాట్లాడే ఒక మేడం దగ్గరికి వారం వారం తీసుకుపోయారు. మొదటి నెలంతా పిల్ల ఆమెతో ఏమీ మాట్లాడలేదట, బొమ్మలు గీసిందట. గడ్డి మాత్రమే గీసిందట.

దామోదర్ తన తరఫున ఒక పని చేశాడు. డిపోలో సారు ముందు కూర్చుని, ఆ రోజు బిడ్డను బానెట్ మీద పెట్టుకున్నానని కాగితం మీద రాసిచ్చాడు. నేనూ సాక్షి సంతకం పెట్టాను. పిల్లను కూర్చోబెట్టుకుని, "ఇగ ఎవ్వలకన్న చెప్పు బిడ్డా, డాడీ చెప్పేసిండు" అన్నాడు. డిపోలో అతనికి ఒక ఇంక్రిమెంట్ ఆపారు. జైలు లేదు, నౌకరి పోలేదు. ఆ రోజే చెప్పి ఉన్నా అంతే జరిగేది. ఒక ఇంక్రిమెంట్ కోసం మేం ఒక పిల్ల మూడేళ్లు మింగేశాం.

ఆ మూడేళ్లు ఎవరూ తిరిగివ్వరు. మనస్విని ఒక తరగతి వెనకబడింది, తనకన్నా చిన్నపిల్లలతో కూర్చుంటోంది. జుట్టు ఇప్పుడిప్పుడే ఒత్తుగా వస్తోంది. ఆ కొట్టుకోవడం పూర్తిగా పోలేదు. మొన్న రాఖీ పండుగకు ఒకసారి వచ్చింది, నాలుగు నిమిషాల్లో తగ్గింది. దామోదర్ పక్కన కూర్చుని, ముఖం చూస్తూ, "నేనీడనే ఉన్న బిడ్డా" అంటూ ఉన్నాడట. అతనిప్పుడు మెడలో తువ్వాల వేసుకోవడం మానేశాడు. చెమట చొక్కా చేతికే తుడుచుకుంటాడు. దామోదర్ మెడ బోసిగా చూడటం నాకు ఇంకా అలవాటు కాలేదు.

పోయిన ఆదివారం వాళ్లింటికి పోయాను. దామోదర్ డ్యూటీలో ఉన్నాడు. శ్రావణి నాకు చాయ ఇచ్చింది, ఈ మధ్య మళ్లీ నాతో మాట్లాడుతోంది. మనస్విని వరండాలో నా ఎదురుగా కూర్చుని గోళ్లు కొరుకుతూ, ఉన్నట్టుండి అడిగింది.

"పెదనాయినా, ఆ రోజు నా మొకం మీద తువ్వాల ఎందుకు కప్పిన్రు?"

చాయ గ్లాసు కింద పెట్టాను. "నువ్వు సూడొద్దని బిడ్డా. నువ్వు పరేషాన్ అయితవని."

పిల్ల లేచి లోపలికి పోయింది. పెట్టెలో నుంచి తువ్వాల తెచ్చింది, ఆ పాతదే, ఎర్రంచుది. నేను ఏం చేస్తున్నావని అడిగేలోపే దాన్ని విప్పి నా ముఖం మీద కప్పింది.

"కనవడ్తుందా?"

కనపడుతోంది. ఎండలో వరండా స్తంభం, దండెం మీద బట్టలు, చెప్పుల జతలు, నా ముందు నిలబడ్డ పిల్ల, అన్నీ కనపడుతున్నాయి. అది కుడిచెయ్యి పైకెత్తింది. పక్కన గోడకేసి మెల్లగా కొట్టింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఆయన చెయ్యి గిట్లనే కొట్టుకున్నది పెదనాయినా. గడ్డిల. శానాసేపు."

నేను తువ్వాల తీయలేదు. దానికి నా ముఖం కనపడకూడదనుకున్నాను. పిల్ల దగ్గరికొచ్చి, తువ్వాల అంచు రెండు వేళ్లతో పట్టుకుంది.

"తడుస్తున్నది," అంది. "తియ్యి పెదనాయినా."